చిట్టా మనదే, తాళంచెవి ఎవరిది?

2025 జులైలో గుజరాత్ తీరంలోని వాడినార్ చమురు శుద్ధి కర్మాగారానికి ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురైంది. యంత్రాలు చెడిపోలేదు, కార్మికులు సమ్మె చేయలేదు. కానీ దాన్ని నడుపుతున్న నయారా ఎనర్జీ సంస్థ ఉద్యోగులు తమ ఈ-మెయిల్ ఉత్తరాలను తామే తెరవలేకపోయారు. సంస్థలో రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌కు వాటా ఉన్నందున ఐరోపా సమాఖ్య ఆ నెలలో నయారాపై ఆంక్షలు విధించింది. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ సంస్థ అందించే సేవలు ఆగిపోయాయి. రుసుము పూర్తిగా చెల్లించి వాడుకుంటున్న సేవలను ఏకపక్షంగా నిలిపివేశారంటూ నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. నెల ముగిసేలోగా సేవలు తిరిగి అందాయి.

ఆంక్షల మంచిచెడ్డలు వేరే చర్చ. ఈ ఉదంతంలో గమనించదగ్గది మరొకటి ఉంది. దేశంలోని పెద్ద చమురు సంస్థల్లో ఒకటికి సైతం తన పత్రాలపై తనకు గల అధికారం ఎంత పలుచనిదో ఆ కొద్ది రోజుల్లో తెలిసివచ్చింది. నయారాకు న్యాయవాదులున్నారు, హైకోర్టుకు వెళ్లే స్తోమత ఉంది. 2015-16 జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం దేశంలో వ్యవసాయేతర రంగాల్లోని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు 6 కోట్ల 33 లక్షలకు పైగా ఉన్నాయి. వాటి జోలికి ఐరోపా ఆంక్షలు రాకపోవచ్చు. కానీ వాటి లెక్కలు దాచిన సాఫ్ట్‌వేర్ ధర ఒక్కసారిగా పెరగడం, పాత రకానికి మరమ్మతులు ఆపివేయడం, అమ్మిన సంస్థే చేతులు మారడం వంటివి ఏటా జరిగే సంగతులే. అప్పుడు ఆ యజమాని ఏ కోర్టుకు వెళ్లాలి?

ఈ ప్రశ్నకు ముంబయిలో పుట్టిన ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కొంతమేరకు జవాబు చెబుతోంది. దాని పేరు ఫ్రాపే. వెబ్ ద్వారా పనిచేసే అనువర్తనాలను నిర్మించడానికి ఉపయోగపడే ఫ్రేమ్‌వర్క్ అది. దానిపై కట్టిన ఇ.ఆర్.పి.నెక్స్ట్ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ నేడు అనేక దేశాల్లో వాడుకలో ఉంది. పేరు విన్నవారు కంప్యూటర్ రంగం వెలుపల తక్కువే.

చట్టం తెచ్చిన కంప్యూటర్

చిన్న పరిశ్రమ యజమానికి కంప్యూటర్ లెక్కలు ఒకప్పుడు సౌకర్యం మాత్రమే. ఇష్టమైతే పెట్టుకునేవారు, లేకుంటే గుమాస్తా చిట్టా, ఆవర్జా రాసేవాడు. 2017 జులై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన నాటినుంచి ఆ స్వేచ్ఛ క్రమంగా కుంచించుకుపోయింది. పన్ను రిటర్నులను కంప్యూటర్ ద్వారానే దాఖలు చేయాలి. వ్యాపార సంస్థల మధ్య అమ్మకాలకు ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్ పద్ధతిని 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటినవారితో మొదలుపెట్టారు. మూడు నెలలకు అది 100 కోట్లకు దిగింది. తర్వాత 50 కోట్లు, 20 కోట్లు, 10 కోట్లు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటిన ప్రతి వ్యాపారీ ఆ పరిధిలోకి వచ్చాడు. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలకు 2023 ఏప్రిల్ 1 నుంచి మరో నిబంధన తోడైంది. ఖాతా పుస్తకాల్లో ఏ పద్దును ఎప్పుడు మార్చారో చెరగని జాడ ఉంచే సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్నది ఆ నిబంధన.

నిబంధనల ఉద్దేశం మంచిదే. దొంగ బిల్లులకు అడ్డుకట్ట పడాలనడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ సాఫ్ట్‌వేర్ లేనిదే వ్యాపారం చేయరాదని శాసించిన ప్రభుత్వం, ఆ సాఫ్ట్‌వేర్‌పై వ్యాపారికి ఎలాంటి హక్కు ఉండాలన్న విషయంలో మాత్రం మౌనం వహించింది. చిట్టా పుస్తకం కొన్నవాడికి ఆ పుస్తకం సొంతం. సాఫ్ట్‌వేర్ కొన్నవాడికి సాధారణంగా దక్కేది వాడుకొనే అనుమతి మాత్రమే. ఏటా చందా కట్టే పద్ధతి వ్యాపించాక ఆ అనుమతి కూడా సంవత్సరానికి పరిమితమైంది.

రెండు ఇళ్ల కథ

ఈ రంగంలో మన దేశానికి గర్వించదగ్గ చరిత్రే ఉంది. 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ బజారులో దొరకక, గణితం చదివిన కుమారుడు భరత్‌కు ఆ పని అప్పగించారు. అలా పుట్టిన ట్యాలీ దేశంలో అకౌంటెంటు ఉద్యోగానికి మారుపేరైంది. ట్యాలీ వచ్చునా అన్నది నేటికీ చిన్న పట్టణాల్లో ఉద్యోగార్థిని అడిగే మొదటి ప్రశ్న. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ లభించింది.

రెండో కథ ముంబయిది. రుషభ్ మెహతా కుటుంబానికి ఫర్నిచర్ వ్యాపారం ఉండేది. కలప, గోదాము, పురమాయింపులు, బకాయిలు అన్నిటినీ ఒకే చోట చూపగల ఇ.ఆర్.పి. సాఫ్ట్‌వేర్‌ను ఆ సంస్థలో పెట్టే ప్రయత్నం జరిగింది. అది ఫలించలేదు. దేశంలో ఇలాంటి ప్రయత్నాలు విఫలం కావడం అరుదేమీ కాదు. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ ఒకవైపు, గుమాస్తా రహస్యంగా రాసుకొనే నోటు పుస్తకం మరోవైపు నడిచే కార్యాలయాలు ఎన్నో. మెహతా మాత్రం తానే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, తమకు కావలసినది తామే కట్టుకోవడానికి పూనుకున్నారు. 2008లో వెబ్ నోట్స్ టెక్నాలజీస్ పేరుతో చిన్న సంస్థ మొదలైంది. అదే నేటి ఫ్రాపే టెక్నాలజీస్.

రెండు కథలకూ మూలం ఒకటే. సరుకు అమ్ముకొనేవాడి అవసరంలోంచి పుట్టిన సాఫ్ట్‌వేర్లు ఇవి. దారులు విడిపోయింది ఒక్కచోటే. ట్యాలీ తన మూలరచనను, అంటే ప్రోగ్రామును రాసిన అసలు ప్రతిని, తన వద్దే ఉంచుకుని అనుమతులు అమ్మింది. అది వ్యాపార ధర్మమే, తప్పు పట్టవలసింది లేదు. ఫ్రాపే తన మూలరచనను ఎవరైనా చదువుకునేలా, మార్చుకునేలా, వేరొకరికి ఇచ్చుకునేలా బయట పెట్టింది. అమ్ముకునేది సేవను. సర్వర్లపై నడిపిపెట్టడం, సలహా, మరమ్మతు వంటివి దాని రాబడి మార్గాలు.

మంచం కోళ్లు, పట్టెలు

ఫ్రేమ్‌వర్క్ అన్న మాట సామాన్య పాఠకునికి కొరుకుడు పడకపోవచ్చు. మంచం సంగతి తీసుకుందాం. నవారు అల్లడం వచ్చినవారు చాలామంది ఉంటారు. కోళ్లు చెక్కి, పట్టెలు బిగించడం వడ్రంగి పని. చట్రం సిద్ధంగా ఉంటే మిగిలిన అల్లిక ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు చేసుకోవచ్చు. వెబ్ అనువర్తనాలదీ ఇదే దారి. రైల్వే టిక్కెట్టు అమ్మేదైనా, ఆసుపత్రి చీటీ రాసేదైనా లోపల జరిగే పనుల్లో చాలా భాగం ఒకటే. వచ్చినవాడెవడో గుర్తించాలి. అతడు ఏది చూడవచ్చో, ఏది చూడరాదో నిర్ణయించాలి. ఫారం ఇవ్వాలి, తప్పుగా నింపితే తిప్పి పంపాలి, సరిగా నింపితే భద్రపరచాలి, అడిగినప్పుడు వెతికి తీయాలి, అచ్చు వేయాలి. దొంగదారిన వచ్చేవాడిని ఆపాలి. ఇవన్నీ ప్రతి ప్రోగ్రామరూ మొదటినుంచి రాసుకుంటూ పోతే కాలం వృథా. పైగా ప్రతిచోటా కొత్త తప్పులు దొర్లుతాయి. ఈ సామాన్యమైన పనులన్నిటినీ ఒకసారి శ్రద్ధగా చేసిపెట్టినదే ఫ్రేమ్‌వర్క్.

ఫ్రాపే ప్రత్యేకత దాని డాక్‌టైప్ భావనలో ఉంది. ప్రోగ్రామును పత్రాల సమాహారంగా చూడటం దాని పద్ధతి. ఉదాహరణకు ఒక బియ్యం మిల్లు ధాన్యం కొనుగోలు రశీదును కంప్యూటర్‌లోకి తేవాలనుకుందాం. రైతు పేరు, బస్తాల సంఖ్య, తూకం, తేమ శాతం, ధర అని గళ్లు నిర్ణయిస్తే చాలు. ఆ వివరణ ఆధారంగా ఫ్రేమ్‌వర్కే ఫారం తయారు చేస్తుంది, డేటాబేస్‌లో పట్టిక ఏర్పరుస్తుంది, జాబితా చూపుతుంది, ఎవరికి ఏ అధికారం ఉండాలో అడుగుతుంది. కాటా దగ్గరి గుమాస్తా తూకం రాయవచ్చు, ధర మార్చరాదు అని కట్టడి చేయవచ్చు. ఎవరు ఏ గడిని మార్చారో జాడ ఉంచే ఏర్పాటు అందులో ఉంది. 2023 నాటి నిబంధన వచ్చినప్పుడు ఇది అక్కరకొచ్చింది. కాగితం ఫారాలతో తలపండిన మన కార్యాలయాల మనస్తత్వానికి ఈ పత్ర పద్ధతి చక్కగా అతుకుతుంది. ప్రోగ్రామింగ్ చదవని అకౌంటెంట్లు కూడా తమకు కావలసిన ఫారాలు తామే తయారు చేసుకోగలగడం ఇందువల్లే.

మరో సాంకేతిక విషయం. వెబ్ పేజీని ఎక్కడ తయారు చేయాలన్నది ఈ రంగంలో పాత వివాదం. సర్వరే పేజీని పూర్తిగా సిద్ధం చేసి పంపడం ఒక పద్ధతి. ఇది వడ్డించిన విస్తరి. చేరవలసినవాడు తినడమే తరువాయి. బియ్యం, పప్పు, కట్టెలు పంపి, వాడుకరి ఫోనులోనే వంట చేయించడం రెండో పద్ధతి. ఫోను ఖరీదైనదైతే వంట క్షణాల్లో అవుతుంది. చవక ఫోను, బలహీనమైన సిగ్నలు ఉన్నచోట పొయ్యి రాజుకోవడానికే నిమిషాలు పడుతుంది. గత దశాబ్దంలో రెండో పద్ధతిపై మోజు ఎంత పెరిగిందంటే, ఒక్క పేరా వార్త చదవడానికి సైతం ఫోను బోలెడు ప్రోగ్రామును దించుకోవలసిన దుస్థితి వచ్చింది. ఇటీవల గాలి కొంత మళ్లింది. ఫ్రాపేలో రెండూ ఉన్నాయి. ఖాతాదారులకు, సరఫరాదారులకు కనిపించే బహిరంగ పేజీలను, ఇన్వాయిస్ అచ్చు ప్రతులను సర్వరే వండి పంపుతుంది. రోజంతా అదే తెరముందు కూర్చునే సిబ్బంది పనిబల్ల మాత్రం ఎక్కువగా వాడుకరి కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఇది వివేకమైన పంపకమే.

ఇలాంటి చట్రాలు పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల ప్రయోగశాలల్లో పుట్టకపోవడం ఒక విశేషం. ప్రపంచ ప్రసిద్ధమైన జాంగో ఫ్రేమ్‌వర్క్ అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి దినపత్రిక కార్యాలయంలో పుట్టింది. 2003లో అక్కడ పనిచేస్తున్న ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విల్లిసన్‌లకు విలేకరులు గంటల వ్యవధిలో కొత్త పేజీలు కావాలని అడగడం నిత్యకృత్యం. పత్రికాఫీసు తొందర ఎలా ఉంటుందో ఈ పుటల పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ తొందరకు తట్టుకోవడానికి కట్టుకున్న చట్రాన్ని 2005 జులైలో అందరికీ విడుదల చేశారు. ఇన్‌స్టాగ్రామ్ ఆ పునాదిపై లేచినదే. రూబీ ఆన్ రెయిల్స్ 2004లో బేస్‌క్యాంప్ అనే పని నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోంచి వేరుచేసి తీసినది. ఫర్నిచర్ లెక్కల్లోంచి వచ్చిన ఫ్రాపేదీ అదే వంశం.

అనుమతి పత్రంలోని అసలు కిటుకు

ఓపెన్ సోర్స్ అనగానే ఉచితం అన్న మాటే అందరి నోటా వినిపిస్తుంది. అసలు విలువ అక్కడ లేదు. ఫ్రాపే లోపలి భాగాల చరిత్రే ఇందుకు సాక్ష్యం.

ఫ్రాపే తన పద్దులను ప్రధానంగా మరియాడీబీ అనే డేటాబేస్‌లో దాస్తుంది. అది మై ఎస్క్యూఎల్ అనే ప్రఖ్యాత డేటాబేస్ నుంచి చీలి వచ్చినది. మై ఎస్క్యూఎల్‌ను 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. ఆ సన్ సంస్థనే 2010లో ఒరాకిల్ కొనేసింది. ఒరాకిల్ అప్పటికే ఖరీదైన సొంత డేటాబేస్ అమ్ముకుంటున్న సంస్థ. తాను కట్టిన ఇంటి గతి ఏమవుతుందోనని భయపడిన మూలకర్త, ఫిన్లాండ్‌కు చెందిన మైకేల్ విడేనియస్, ఆ బేరం పూర్తికాకముందే 2009లో మూలరచన ప్రతిని తీసుకుని వేరుకాపురం పెట్టారు. పెద్ద కుమార్తె మై పేరుతో మొదటిదాన్ని పిలిచిన ఆయన, కొత్తదానికి చిన్న కుమార్తె మరియా పేరు పెట్టారు. ఒరాకిల్ అనుమతి ఆయనకు అవసరం పడలేదు. అప్పటికే ఇచ్చిన ఓపెన్ సోర్స్ అనుమతిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

రెండో ఉదంతం ఇంకా తాజాది. ఫ్రాపే వాడే రెడిస్ అనే మరో భాగం అనుమతి షరతులను దాని యాజమాన్యం 2024 మార్చిలో బిగించింది. కొద్ది రోజులైనా గడవకముందే లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో వాల్కీ పేరిట దాని చీలిక వెలిసింది. 2025 మేలో రెడిస్ తిరిగి ఓపెన్ సోర్స్ అనుమతిని కూడా చేర్చింది. యజమాని మనసు మార్చుకున్నా వాడుకరి వీధిన పడని ఏర్పాటు ఇది. ఇంటి యజమాని అద్దె పెంచితే ఇల్లు ఖాళీ చేయడం వేరు. అదే ఇంటి నకలును పక్క స్థలంలో కట్టుకుని, సామానంతా యథాతథంగా చేర్చుకోగలగడం వేరు. రేపు ఫ్రాపే టెక్నాలజీస్ మూతపడినా, వేరొకరి చేతికి పోయినా, ఇ.ఆర్.పి.నెక్స్ట్ వాడుతున్న పరిశ్రమ లెక్కలు ఆగవు. వేరొక నిపుణుడిని పెట్టుకుని నడుపుకోవచ్చు.

షరతుల్లోనూ తేడాలున్నాయి. ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్‌కు ఉన్నది ఎం.ఐ.టి. అనుమతి. దానిపై ఎవరైనా ఏదైనా కట్టుకోవచ్చు, తమ రచనను గుప్తంగానూ ఉంచుకోవచ్చు. ఇ.ఆర్.పి.నెక్స్ట్‌కు ఉన్నది జి.పి.ఎల్. మూడో రూపం. దాన్ని మార్చి ఇతరులకు పంచేవారు తమ మార్పుల మూలరచనను కూడా ఇవ్వాలి. అయితే ఇందులో ఒక సందు ఉంది. మార్చిన సాఫ్ట్‌వేర్‌ను పంచకుండా, తన సర్వర్‌పైనే నడుపుతూ చందా వసూలు చేసేవాడికి ఈ షరతు వర్తించదు. ఆ సందును మూసేందుకు వచ్చిన ఏ.జి.పి.ఎల్. అనుమతిని ఫ్రాపే తన తర్వాతి అనువర్తనాల్లో కొన్నిటికి ఎంచుకుంది. కొనుగోలుదారు ఈ అనుమతుల తేడాను న్యాయవాదికి చూపించి తెలుసుకోవడం మేలు.

స్వదేశీ వేరు, స్వాధీనం వేరు

నయారా ఉదంతం తర్వాత స్వదేశీ సాఫ్ట్‌వేర్ నినాదం ఊపందుకుంది. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తన కార్యాలయ పత్రాల పని కోసం జోహోకు మారుతున్నట్లు ప్రకటించారు. తమిళనాడు పల్లెల్లో కార్యాలయాలు తెరిచి ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న జోహో విజయం మెచ్చదగ్గదే. విదేశీ ఆంక్షల ప్రమాదం కూడా దానివల్ల తగ్గుతుంది. కానీ అది ఓపెన్ సోర్స్ కాదు. యజమాని పరాయి దేశస్థుడు కాకపోయినంత మాత్రాన తాళంచెవి మన చేతికి వచ్చినట్టు కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం ప్రభుత్వ వర్గాల్లోనూ, పత్రికల్లోనూ తరచు జరుగుతున్న పొరపాటు.

కేంద్ర ప్రభుత్వానికి ఈ తేడా తెలియక కాదు. ప్రభుత్వ శాఖలు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని 2015లోనే విధానం ప్రకటించింది. ప్రభుత్వ డబ్బుతో రాయించిన అనువర్తనాల మూలరచనను తెరిచి ఉంచాలన్న మరో విధానాన్ని కూడా అదే ఏడాది తెచ్చింది. కేరళ అంతకుముందే పాఠశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టి పిల్లలకు దానిపైనే చదువు చెబుతోంది. విధానాలకు కొదవ లేదు. విధానాన్ని పక్కనపెట్టిన అధికారిని సంజాయిషీ అడిగే ఏర్పాటే లోపించింది.

అలాగని ఓపెన్ సోర్స్‌ను సర్వరోగ నివారిణిగా చూపడం వాడుకరిని మోసగించడమే. ఇ.ఆర్.పి.నెక్స్ట్‌కు అనుమతి రుసుము లేదు గాని ఖర్చు లేకపోలేదు. పాత లెక్కలు ఎక్కించాలి, సిబ్బందికి నేర్పాలి, సర్వరు అద్దె కట్టాలి. రోజూ నకలు తీసి వేరేచోట భద్రపరచడం మరచినవాడికి ఏ అనుమతి పత్రమూ లెక్కలు తిరిగి తెచ్చివ్వదు. మూలరచన తెరిచి ఉంది కదా అని ఇష్టానుసారం లోపలి భాగాలను మార్పించుకున్న సంస్థలు కొత్త రూపం విడుదలైనప్పుడు చిక్కుల్లో పడతాయి. తమ మార్పులు దానితో పొసగవు. పాతదానిపైనే ఉండిపోతే భద్రతా మరమ్మతులు అందవు. కోళ్లను కోసి కురచ చేసుకున్న మంచానికి కొత్త పట్టెలు అమరవు కదా. అదనపు అవసరాలను విడిగా వేరొక అనువర్తనంగా రాసి పక్కన చేర్చుకొనే వెసులుబాటు ఫ్రాపేలో ఉంది. భారతీయ పన్నుల నిబంధనలకు సంబంధించిన భాగాన్ని అలాగే వేరుగా నడుపుతున్నారు. పన్ను నిబంధనలు మారినప్పుడల్లా అసలు ఇంటిని కదిలించనక్కరలేదు. ఖర్చు తగ్గించుకోవాలని అనుభవం లేనివారికి పని అప్పగించే యజమానులు ఈ పద్ధతి అడిగి మరీ పాటింపజేయాలి. గుమాస్తా ఒక్కడితో వ్యాపారం చేసుకొనే చిన్న దుకాణానికి ఇంత సరంజామా అవసరమా అంటే, చాలా సందర్భాల్లో అవసరం లేదనే చెప్పాలి.

మరమ్మతు కూలి ఎవరిస్తారు?

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇది. తాళంచెవి చేతికొచ్చినా ఇల్లు కురవకుండా చూసుకొనేవాడు కావాలి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న భాగంలో బయటపడిన లోపం ప్రపంచవ్యాప్తంగా బ్యాంకులను, ప్రభుత్వాలను హడలెత్తించింది. దాన్ని చూసుకుంటున్నది కొందరు స్వచ్ఛంద సేవకులు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే మరో భాగంలోకి ఒక అజ్ఞాత వ్యక్తి దొంగదారి చొప్పించాడు. అలసిపోయిన ఏకైక నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి చేసిన పని అది. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి లోకం బయటపడింది. ఆయన పనిచేస్తున్నది మైక్రోసాఫ్ట్‌లో కావడం కొసమెరుపు.

జాంగో సమాజం ఈ విషయంలో తెలివిగా వ్యవహరించింది. విరాళాలతో నడిచే దాని ఫౌండేషన్ 2014లో ఫెలో అనే పదవిని ఏర్పరచి, జీతమిచ్చి మనిషిని నియమించింది. కొత్త హంగులు చేర్చడం అతని పని కాదు. వచ్చిన ఫిర్యాదులు చదవడం, సవరణలు పరిశీలించడం, భద్రతా లోపాలు పూడ్చడం, అనుకున్న తేదీకి కొత్త రూపం విడుదలయ్యేలా చూడడం అతని విధులు. కాలువ లస్కరు ఉద్యోగం వంటిది. పేరు రాదు, కానీ అతను లేనినాడు గండి పడుతుంది. లక్షలాది వెబ్ స్థలాలకు ఆధారమైన ఫ్రేమ్‌వర్క్ ఇలా ఒకరిద్దరి జీతంపై నిలిచి ఉండటం ఆశ్చర్యమూ, ఆందోళనా కలిగించే విషయం.

మన దేశంలో ఈ దిశగా కదిలింది ప్రభుత్వం కాదు, ఒక షేర్ల బ్రోకింగ్ సంస్థ. జెరోధా తన రెయిన్‌మ్యాటర్ సంస్థ ద్వారా 2020లో ఫ్రాపేలో పెట్టుబడి పెట్టింది. అదే కాలంలో ఓపెన్ సోర్స్ ప్రచారానికి ఫాస్ యునైటెడ్ అనే లాభాపేక్షలేని సంస్థ ఏర్పడింది. 2024 అక్టోబరులో జెరోధా ప్రపంచంలోని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు ఇచ్చే నిధిని ప్రకటించింది. ఒక్కో ప్రాజెక్టుకు 10 వేల నుంచి లక్ష డాలర్ల వరకు ఇస్తారు. తమ వ్యాపారం మొత్తం ఇలాంటి సాఫ్ట్‌వేర్‌పైనే నిలిచి ఉందని, అందుకు ప్రతిఫలంగా ఇస్తున్నామని ఆ సంస్థ చెప్పుకుంది.

దేశ సాఫ్ట్‌వేర్ ఎగుమతులు 2024-25 నాటికి 20,000 కోట్ల డాలర్లను దాటాయి. మూలరచనలు పంచుకొనే వేదిక గిట్‌హబ్‌లో భారతీయుల సంఖ్య 2025లో 2 కోట్లు దాటినట్లు ఆ సంస్థ నివేదిక చెబుతోంది. ఇంతమంది వాడే, ఇంత సంపద సృష్టించే సామగ్రి మరమ్మతుకు మన పెద్ద ఐ.టి. సంస్థలు ఎంత వెచ్చిస్తున్నాయని అడిగితే గొప్పగా చెప్పుకొనే సమాధానం రాదు. పరాయి వారు తవ్విన చెరువు కింద పంట పండించుకుని, పూడికతీతకు పిలిచినప్పుడు ముఖం చాటేసే రైతులా మన పరిశ్రమ ప్రవర్తిస్తోందనక తప్పదు. ఎగుమతుల్లో వెయ్యో వంతు కాదు, లక్షో వంతు కేటాయించినా అది ఏటా 20 లక్షల డాలర్లవుతుంది. జెరోధా ఒక్కటే ఇస్తున్నదానికి అది రెట్టింపు.

చిన్న పరిశ్రమలు సైతం ఈ బాధ్యతకు అతీతం కావు. అవి డబ్బు ఇవ్వలేకపోవచ్చు. తమకు ఎదురైన లోపాన్ని వివరంగా రాసి పంపడం, తాము చేయించుకున్న సవరణను తిరిగి అందరికీ ఇవ్వడం కూడా చందాయే. ఫ్రాపే ఎదిగింది చాలావరకు ఇలాంటి చేర్పులతోనే.

తెలుగునాట ఇందుకు మనుషుల కొరత లేదు. ఫ్రాపే, జాంగో రెండూ రాసిన పైథాన్ భాష వాడుకరుల జాతీయ సమ్మేళనం 2018లోనూ, 2023లోనూ హైదరాబాద్‌లోనే జరిగింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చి ఏళ్లు గడిచాయి. ఫ్రాపేలో పలు భాషలతో పాటు తెలుగు అనువాద దస్త్రం కూడా ఉంది. చిట్టా, ఆవర్జా, బకాయి, జమ, ఖర్చు వంటి మాటలతో పెరిగిన వ్యాపారి తెరపై ఏ మాట చూడాలో ఒక మిల్లు గుమాస్తాకో, మార్కెట్ యార్డు అకౌంటెంటుకో తెలిసినంతగా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు తెలియదు. ఆ దస్త్రంలో తప్పుగా తోచిన మాటను సవరించి పంపితే నిర్వాహకులు పరిశీలించి చేర్చుకొనే పద్ధతి ఉంది. అందుకు ప్రోగ్రాములు రాయడం రావలసిన అవసరం లేదు, రుసుమూ లేదు.